ముందే వచ్చి అడిగినాయన

“ఆ కారు గురించేనా? నిన్ననే ఒకాయన వచ్చి అడిగి వెళ్లాడే!”

పాత విడిభాగాల దుకాణదారు మాస్కు సర్దుకుంటూ మౌక్తికతో అన్నాడు.

ఎక్కడికి వెళ్లినా ఇదే మాట. ఆమెకంటే ముందే ఎవరో వచ్చి వెళ్తున్నారు.

“ఎలా ఉన్నాడు?”

“పెద్ద వయసు. పాత స్కూటర్. ముఖానికి తువ్వాలు. పేరు చెప్పలేదు.”

హాల్‌బ్రిడ్జ్ అనే ఇంగ్లండు కంపెనీ వందేళ్ల కిందట కొంతకాలమే కార్లు తయారుచేసి మూతపడింది. ప్రపంచం మొత్తం మీద మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వాటిలో ఒకటి తాముంటున్న సూరత్‌లోనే ఒక బట్టల మిల్లు సేటు దగ్గర ఉండేదని మౌక్తిక తండ్రి చిన్నబాబు కనిపెట్టాడు. పదిహేనేళ్ల కిందటి వరదల తర్వాత మిల్లు మూతపడింది. కారు ఎటు పోయిందో తెలియలేదు.

తెలియకుండానే మొదటి విడత కరోనాలో చిన్నబాబు పోయాడు.

ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటున్న కూతురు ఆ వెతుకులాటను అందుకుంది.

ఇప్పుడు రెండో విడత. రోడ్ల మీద అంబులెన్సుల మోత. చీకటిపడితే కర్ఫ్యూ. అమ్మ వద్దంటున్నా మౌక్తిక తిరుగుతూనే ఉంది.

పాత కార్లను పట్టుకుని, భాగాలు ఊడదీసి విదేశాలకు అమ్ముకునే దళారులుంటారని తండ్రి చెబుతుండేవాడు. ఈ స్కూటర్ మనిషి అలాంటివాడే అయ్యుంటాడు.

అతనికంటే ముందు తను చేరాలి.

సూరత్ శివారు ఇచ్ఛాపూర్‌లో ఒక గోదాం కాపలాదారు చివరికి ఆచూకీ చెప్పాడు.

“కామ్‌రేజ్‌లో తుక్కు యార్డుకి వెళ్లింది మేడం. తొందరగా వెళ్లండి. ఇవాళో రేపో కోసేస్తారు.”

గేటు దాటి బయటికి వస్తూ మౌక్తిక అమ్మకు ఫోన్ చేసింది.

“దొరికిందమ్మా! ఇంటికొచ్చాక చెప్తా.”

తలెత్తింది. ఎదురుగా పాత స్కూటర్ వచ్చి ఆగుతుంటే “ఉంటానమ్మా” అని ఫోన్ పెట్టేసింది.

తువ్వాలు కట్టుకున్న పెద్దాయన దిగుతూనే దగ్గాడు. మౌక్తిక చటుక్కున వెనక్కి జరిగింది.

“తెల్గోళ్లా అమ్మా?” ఆయన కళ్లు మెరిశాయి. “మిల్లు సేటు పాత బండి ఈడికే వచ్చిందన్నరు. ఒక పిల్ల గూడ దానికోసమే తిర్గుతున్నదన్నరు, నువ్వేనా? జర ఏడున్నదో తెల్సిందా?”

“మీకెందుకు?”

“దానితోని పనుందమ్మా. ఎట్లనంటే...”

“ఆ కారు లేదు.” మౌక్తిక మధ్యలోనే అందుకుంది. “పోయిన వారమే కోసేశారు.”

ఆయన ఒక అడుగు ముందుకు వేశాడు.

“గట్లనకు బిడ్డా. నీ కండ్లతోని సూసినవా?”

కామ్‌రేజ్ ఎంత దూరమో, యార్డు ఎప్పుడు మూసేస్తారో ఆమె మనసులో లెక్క వేసుకుంటోంది.

“చూశాను. ముక్కలు చేసి లారీకెక్కించారు.”

ఆయన స్కూటర్ స్టార్ట్ చేయడం కూడా మరిచిపోయి, ఎండలో తోసుకుంటూ వెళ్లిపోయాడు.

ఒక్క క్షణం మౌక్తికకు ఏదోలా అనిపించింది. వెంటనే ఆటో ఎక్కింది.

కామ్‌రేజ్ యార్డులో అప్పటికే గ్యాస్ కట్టర్ వెలిగించారు. నీలిమంట కారు ముందు తలుపును తాకబోతోంది.

“ఆపండి! ఆపండి భాయ్!”

ఆమె అరుపుకు పనివాడు ఉలిక్కిపడి కట్టర్ పక్కకు తిప్పాడు.

తుప్పు కింద, దుమ్ము కింద, ఇత్తడి అక్షరాల్లో హాల్‌బ్రిడ్జ్ అన్న పేరు అలాగే ఉంది. మౌక్తిక చున్నీ అంచుతో తుడిచింది. తండ్రి జీవితమంతా ఫొటోల్లో మాత్రమే చూసిన పేరు. కళ్లనీళ్లు మాస్కులోకి జారాయి.

యార్డు యజమానితో బేరం కుదిరింది. ఇక బండి ఆమెదే.

ఆశగా బానెట్ ఎత్తింది.

లోపల ఖాళీ.

“ఇంజన్ ఏది?”

“నా దగ్గరికి వచ్చినప్పుడే లేదు.” యజమాని భుజాలెగరేశాడు. “మిల్లులో ఫిట్టర్ సోమలింగం దగ్గర ఉండాలని గోదాం వాళ్లు అన్నారు. బమ్రోలిలో ఉంటాడట.”

ఇంజన్ లేకుంటే అది వట్టి రేకుల గూడు. అలాంటి ఇంజన్ ఇంకెక్కడా దొరకదు.

ఆ రాత్రి మౌక్తికకు నిద్ర పట్టలేదు. కర్ఫ్యూ సడలగానే బమ్రోలి వెళ్లింది. అడుగుతూ అడుగుతూ మధ్యాహ్నానికి ఒక ఇరుకు సందులో చివరి గదిని చేరింది.

గడపలో ఒకామె కూర్చుని ఉంది. చెయ్యి అడ్డం పెట్టింది.

“ఆడనే ఉండు బిడ్డా. లోపల మా ఆయనకు జరం.”

“సోమలింగంగారి ఇల్లేనా అండీ? మిల్లు సేటు కారు ఇంజన్ ఇక్కడుందని చెప్పారు.”

“ఉండె బిడ్డా. గీ గోడకే ఉండె.” ఆమె, సోమలింగం భార్య ఎల్లవ్వ, లోపలికి చూపించింది. నేల మీద నల్లటి నూనె మరక. “వరదల ఖరాబైతే బాగుచేస్తనని ఇంటికి తెచ్చిండు. అంతల్నే మిల్లు మూతవడ్డది. ఇన్నేండ్లు తుడుసుకుంట, నూనె వెట్టుకుంట సాదిండు. మాకు పండుకునే జాగ లేకున్న దాన్ని కదలనియ్యలే. సేటు సొమ్ము, బండికే వోవాలె అంటుండె.”

మౌక్తిక గదిలోకి తొంగిచూసింది. “ఇప్పుడెక్కడుంది?”

“పొద్దుగాలనే తుక్కోళ్లకు ఇచ్చేసిండు. సందులకెల్లి మోస్కపోలేక సుత్తెలతోని పలగ్గొట్టి తీస్కవోయిండ్రు.”

“అయ్యో! ఇన్నేళ్లు దాచి, ఇవాళ ఎందుకిచ్చారండీ?”

ఎల్లవ్వ కొంగుతో కళ్లొత్తుకుంది.

“నా పానం ఉండంగనే బండి దొర్కవట్టి బిగిస్తనని జరంతోనే ఊరంత తిర్గిండు బిడ్డా... నిన్న ఎవలో మన తెల్గు పిల్ల, దాన్ని ముక్కలు చేస్తుంటె తన కండ్లతోని సూసిన్నని చెప్పిందంట.”