ఒంటరి గుంపు

సైకాలజీలో గణాంకాలు బోధించే ప్రొఫెసరుగారు, రిటైర్మెంటు సభలో చదవబోయే ప్రసంగాన్ని భార్యకి వినిపిస్తున్నారు.

“ఒంటరితనం మీద నేను చేసిన మొదటి సర్వేలో నలభైమంది గృహిణులు. అందులో పదిమంది జవాబులు అచ్చుగుద్దినట్టు ఒకటే! వాళ్లకి ‘ఒంటరి గుంపు’ అని పేరుపెట్టి, నేనూ పేరు తెచ్చుకున్నాను. ఆ ఒంటరితనానికి కారణం మాత్రం ముప్పయ్యేళ్లుగా అంతుచిక్కలేదు.”

ఆవిడ ఆయన చొక్కా ఇస్త్రీ చేయడం ఆపింది.

“రిటైరవుతున్నారు కాబట్టి చెబుతున్నానండీ. ఆ పది ఫారాలూ తిరిగి రాలేదు. మీ దిగులు చూడలేక నేనే నింపేశాను.”

పదవి, పతకాలు, పరిశోధన అన్నీ గంగలో కలిసినట్టయింది ప్రొఫెసరుగారికి.

“తోచిన అబద్ధమల్లా రాసేశావా?”

“అబద్ధాలైతే పదీ ఒకేలా వస్తాయా?”

ముప్పయ్యేళ్లు గ్రాఫులు గీసిన చేత్తోనే ఆయన ప్రసంగంలో ‘పదిమంది’ కొట్టేసి ‘ఒక్కరు’ అని దిద్దారు. ‘కారణం’ పక్కన సంతకం పెట్టారు.