డ్రైవర్ల విశ్రాంతి గదిలో

తన బండికి ఎదురుగా ఒక మనిషి పట్టాల మీద నిలబడ్డ రోజు నుంచి రైలు డ్రైవర్ మళ్ళీ ఇంజన్ ఎక్కలేదు. "మాట్లాడితే మనసు తేలికపడుతుంది. రేపు కౌన్సెలర్‌ని పంపిస్తాను, కాదనకు," అన్నాడు పై అధికారి.

మర్నాడు విశ్రాంతి గదిలోకి ఒక పెద్దావిడ వచ్చి అతని ఎదురుగా కూర్చుంది.

"ఏం జరిగిందో చెప్పు బాబూ."

భార్యకు కూడా చెప్పుకోలేనిదంతా ఆమెకు చెప్పాడు. "హారన్ కొడుతూనే ఉన్నానమ్మా. బ్రేకు వేశాను. బండి ఆగలేదు, అతను కదల్లేదు. నా వంకే చూశాడు. కళ్ళు మూస్తే ఆ చూపే." వెక్కివెక్కి ఏడ్చాడు.

ఆమె కుర్చీ దగ్గరికి జరుపుకుని అతని చేతులు పట్టుకుంది. "నువ్వు మాత్రం ఏం చేస్తావు నాయనా? నీ తప్పేం లేదు."

అందరూ అన్న మాటే. ఆమె అంటే మాత్రం గుండెల మీది బరువు కాస్త దిగినట్టయింది.

"మళ్ళీ ఎప్పుడొస్తారమ్మా?"

"నేను ఆఫీసు పంపిన మనిషిని కాదు బాబూ. వాడి అమ్మని. మావాణ్ణి ఆఖరున చూసింది నువ్వే కదా. వాడు భయపడ్డాడా?"

అతను ఆమె చేతులు వదల్లేదు.

"లేదమ్మా," అన్నాడు.