ఆకుపచ్చదా, నారింజదా

"ఆకుపచ్చదే తీసుకోండమ్మా. పొదల పక్కన పడుకుంటే పిట్ట కంట కూడా పడరు," అన్నాడు షాపాయన.

"కంట పడాలండీ. నాకదే కావాలి," అందామె.

షాపాయన చెయ్యి అరలోనే ఆగిపోయింది. పాతికేళ్లుగా సైకిల్ యాత్రల సామాన్లు అమ్ముతున్నాడు. ఈమె అడిగిన బివీ బ్యాగ్ అంటే ఏముంది, గుడారం మోయలేనివాళ్లు వానకి తడవకుండా ఒంటిగా దూరి పడుకునే పల్చటి సంచి. కొనేవాళ్లంతా దారినపోయే వాళ్లకి కనబడనిదే అడుగుతారు. పైగా గ్రాముల పిచ్చి! ఒకాయనైతే బరువు తగ్గుతుందని టూత్‌బ్రష్ పిడి సగానికి కోసేసి, అదేదో ఘనకార్యంలా చూపించి పోయాడు. ఈమె వరసే వేరుగా ఉంది.

"నారింజ రంగుది ఎనభై గ్రాములు ఎక్కువ మరి. మీకేనా?"

"మా నాన్నకి."

అద్దం తలుపు అవతల డెబ్బై దాటిన పెద్దాయన సైకిల్ గంటని చొక్కా అంచుతో తుడుస్తున్నాడు. మనిషి నిటారుగా ఉన్నాడు, పిక్కలు రాళ్లలా ఉన్నాయి. షాపాయనకి నిజంగానే అసూయ పుట్టింది. రెండు మెట్లెక్కితే మోకాళ్లు మొరపెట్టుకునే ఒళ్లు తనది. ఇన్నేళ్లూ సైకిళ్ల మధ్యే బతికాడు గానీ ఊరి పొలిమేర దాటిన పాపాన పోలేదు.

"ఈ వయసులో యాత్రలా! ఎన్నాళ్లు వెళ్తారేంటి?"

"చెప్పలేమండీ. కిందటిసారి రెండు రోజులు. వానలో బస్టాపు బల్ల మీద పడుకుని జ్వరంతో వచ్చాడు. మళ్లీ అలా తడిస్తే మనిషి దక్కడన్నారు డాక్టరు."

"పోనీ సైకిల్ మాన్పించొచ్చుగా?"

"తాళం వేసి చూశాను. మూడు రోజులు ముద్ద ముట్టలేదు. గుమ్మం దగ్గరే కూర్చున్నాడు." ఆమె నారింజ సంచి మడత విప్పింది. "నావల్ల కాలేదండీ."

"అంతేనమ్మా. కొందరికి చక్రం తిరిగితేగానీ పొద్దు గడవదు," అన్నాడు షాపాయన, తనకంతా తెలిసినట్టు.

ఆమె జిప్పు లోపలినుంచి లాగి చూసింది. ఒకసారి కాదు, పదిసార్లు. కళ్లు మూసుకుని కూడా లాగింది.

"ఇది బాగుంది, ఆలోచించే పనిలేదు. దీని చివర ఒక తాడు కుట్టి సైకిల్ సీటుకి కట్టెయ్యండి. లేకపోతే పడుకున్నచోటే వదిలేస్తాడు."

"మా ఆవిడ నన్నూ అదే తిడుతుంది. నేను పారేసిన గొడుగులతో ఇంకో షాపు పెట్టొచ్చట!"

ఆమె నవ్వలేదు. "పైన నా ఫోన్ నంబరు రాయండి. ఒక్కో అంకె అరచెయ్యంత ఉండాలి."

"సంచి ఎక్కడైనా పోతే, దొరికినవాళ్లు ఫోన్ చేస్తారనా?"

"చేస్తారండీ. ఇంతవరకూ మంచివాళ్లకే దొరికాడు."

సంచికి దొరికాడేంటి, దొరికింది అనాలి గానీ అనుకున్నాడు షాపాయన. కంగారులో ఉంది పాపం అని సరిపెట్టుకుని నంబరు రాశాడు, తాడు కుట్టాడు, సంచి పట్టుకుని తనే బయటికి వచ్చాడు.

"ఎందాకా బాబాయ్ గారూ ప్రయాణం?"

"ఇంటికే నాయనా," అన్నాడు పెద్దాయన చిరునవ్వుతో.

షాపాయన పకపకా నవ్వాడు. తలపండిన యాత్రికులంతే, ఎంత దూరం పోయేదీ పైకి చెప్పరు.

ఆమె కింద కూర్చుని తాడు సీటుకి కట్టింది. ముడి లాగి చూసి, దానిమీద ఇంకో ముడి వేసింది. లేచి పెద్దాయన కాలరు సర్ది, పై గుండీ పెట్టింది. ఆయన కళ్లు చెమర్చాయి. ఆమె తలమీద చెయ్యి వేశాడు.

"చల్లగా ఉండు తల్లీ. ఈ రోజుల్లో ఇంత సాయం ఎవరు చేస్తారు!"

ఆమె తల వంచుకుంది. పెద్దాయన ఆమె మొహంలోకి కాసేపు పరీక్షగా చూశాడు.

"ఇంతకీ ఎవరి అమ్మాయివమ్మా నువ్వు?"