ఒకే పళ్లెం

ఈ ఏడూ వాన పడలేదు. ఎండిపోయిన వేరుశెనగ చేలల్లో జనం పశువుల మేతకు మొక్కలు పీకుతున్నారు. అంగన్‌వాడీలో టీచరు పిల్లలకు అన్నం, పప్పు, గుడ్లు వడ్డిస్తోంది.

ఏ ఇద్దరు పిల్లలు కొట్టుకున్నా ఒకే పళ్లెంలో తినాలి. కలిసి తింటే కలిసిపోతారని ఆమె పెట్టిన రూలు అది. నాలుగేళ్ల నందీశు, హారిక మాత్రం రోజూ కొట్టుకుంటారు, రోజూ ఒకే పళ్లెంలో తింటారు.

హారికను తీసుకుని వాళ్ల అమ్మానాన్నలు ఆ రోజే బెంగళూరుకు కూలికి పోతున్నారు. పిల్లను కొట్లాట లేకుండా పంపాలని టీచరు ఆశ.

అన్నానికి కూర్చోబోతుంటే హారిక నందీశు వీపు మీద ఒకటేసింది.

"ఏమే, ఈ పొద్దు కూడానా? వాడు ఏం చేసినాడే నిన్ను?"

హారిక పోయి నందీశు పక్కనే కూర్చుంది.

"దాన్ని తిట్టద్దు టీచరమ్మా," అన్నాడు నందీశు. "నేనే కొట్టమన్నా."

"ఎందుకప్పా?"

"కొట్టుకోకపోతే నువ్వు ఒకే పళ్లెంలో పెట్టవు గదా. నిన్న నేను కొట్టినా. ఈ పొద్దు దాని వంతు."

టీచరు పెద్ద పళ్లెం తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టింది.

"నిదానంగా తినండి," అంది.

మధ్యాహ్నం బస్సుకు హారిక వాళ్లు వెళ్లిపోయారు.