బొమ్మల తాళం

పీరియడ్ సగం గడిచిపోయినా రెండు జడల పిల్ల ఇంకా పాస్‌వర్డ్ దగ్గరే ఉంది. ఒక్కో అక్షరమే నొక్కుతోంది, చివరిదాకా వచ్చి అంతా తుడిపేస్తోంది, మళ్ళీ మొదలుపెడుతోంది.

ఒకటో తరగతి మొత్తానికీ అదే అవస్థ. బడి ఆఫీసువాళ్ళు అడ్మిషన్ ఫారాల్లోంచి తమకు తోచిన మాటొకటి ఒక్కొక్కరికీ పాస్‌వర్డ్‌గా పెట్టేశారు. ఒకడికి వీధి పేరు, ఒకడికి ఇంటిపేరు. అన్నీ బారెడు పొడుగు. అక్షరం దొరక్క ఒకడు ఏడుపు లంకించుకుంటే, ఇంకొకడు పక్కవాడి కీబోర్డు వాయించేవాడు. కంప్యూటర్ టీచర్ ఒక్కొక్కరి చీటీ చూసి తనే కొట్టిపెట్టేసరికి గంట మోగేది.

రెండు జడల పిల్ల మాత్రం కొట్టనిచ్చేది కాదు. కీబోర్డుకి చేతులు అడ్డం పెట్టి, "నేనే టీచర్" అనేది. ఈ ఏడాదే చేరింది. అమ్మతో కలిసి మామయ్య వాళ్ళింట్లో ఉంటోంది. కొత్త చోటు కదా, బెరుకు కాబోలనుకుంది టీచర్. అందరికంటే వెనకబడిపోతోందే అని ఆవిడకి ఒకటే బెంగ.

ఆ బెంగతోనే ప్రిన్సిపాల్ దగ్గర పోరు పెట్టింది. అక్షరాలు తీసేద్దాం, పిల్లలు తమ ఫోటో మీదా, తమకిష్టమైన బొమ్మ మీదా నొక్కితే చాలునంది. ఆయన నవ్వి, తన పాస్‌వర్డ్ తనకే గుర్తుండి చావదనీ, తనకూ ఓ బొమ్మ పెట్టించమనీ అన్నాడు. సెలవుల్లో టీచరే కూర్చుని పాతవన్నీ ఒక్క నొక్కుతో తీసేసి బొమ్మలు పెట్టింది.

బడి తెరిచిన రోజు పిల్లలు బొమ్మలు నొక్కి చిటికెలో లాగిన్ అయిపోయారు. గది నిండా కేరింతలే. పడ్డ శ్రమంతా మరిచిపోయి టీచర్ చివరి వరుసదాకా వచ్చింది. రెండు జడల పిల్ల కూడా లాగిన్ అయింది కానీ తెర వంక చూడటం లేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని చప్పుడు లేకుండా ఏడుస్తోంది.

టీచర్ పక్కనే మోకాళ్ళ మీద కూర్చుంది. "ఏమైంది నాన్నా, బొమ్మ నచ్చలేదా?"

ఆ పిలుపుకి ఏడుపు ఇంకా ఎక్కువైంది. కాసేపటికి, "పాతది ఇంక రాదా టీచర్?" అని అడిగింది.

"రాదమ్మా. దాంతో ఎంత కష్టపడేదానివి."

పిల్ల తల అడ్డంగా ఊపింది. కష్టం కాదట. కళ్ళు మూసుకుని కూడా కొట్టగలదట. కావాలనే తుడిపేసి మళ్ళీ మళ్ళీ కొట్టేదట.

"ఇంట్లో ఆ మాట అనకూడదు టీచర్. అంటే అమ్మ అన్నం తినదు. ఇక్కడైతే చుక్కలే పడతాయి, ఎవరికీ కనబడదు."

ఏ మాటమ్మా అని టీచర్ నెమ్మదిగా అడిగింది. పిల్ల అటూ ఇటూ చూసి, ఆవిడ చెవిలో నోరు పెట్టింది.

"మా నాన్న పేరు."