చోన్‌జీ

"అటు కాదు బాబూ, ఎడమ పక్కకి తిరగండి!"

నూకాలు కేకకు సీతారామాంజనేయులు ఉలిక్కిపడి ఆగిపోయాడు. పైకెత్తిన చెయ్యి ఎటు దించాలో ఆయనకు తెలియలేదు.

జాలరిపేట ఒడ్డున, ఆరబెట్టిన వలలకు అవతల తడి ఇసుక మీద నెల రోజులుగా ఇదే వరస. నూకాలు చేపలమ్మే అప్పాయమ్మ కూతురు. కొరియా వాళ్ళ తైక్వాండోలో నల్ల బెల్టు దాకా వెళ్ళిన ఆడపిల్ల ఆ పేటలో ఆమె ఒక్కతే. ఆయనకు యాభై దాటాయి. మొన్న మొన్నటి దాకా పోర్టులో క్రేన్ నడిపాడు.

పడవ నీడలో కూర్చున్న ఆయన భార్య కనకరత్నం ఇక ఆగలేక లేచి వచ్చింది.

"చాలమ్మా! డాక్టరు గారు కాళ్ళూ చేతులూ ఆడించమన్నారు గానీ ఇలా పీడించమన్నారా? తలకి దెబ్బ తగిలి, చావు తప్పి ఇంటికొచ్చిన మనిషి, పాతవి సగం గుర్తే లేవు. రాత్రి అన్నం కూడా ముట్టకుండా గోడ వైపు తిరిగి ఏడ్చారు. రేపు మా తమ్ముడు స్టీల్ ప్లాంటుకి సెలవు పెట్టి వస్తున్నాడు. పెందుర్తి తీసుకెళ్ళిపోతాడు. అక్కడ ఓ మూల ప్రశాంతంగా కూర్చుంటారు."

"మూల కూకోబెడితే ఆయన ఇంక లెగరమ్మా. ఈ పొద్దు సూడండి. అవకపోతే నానే రిక్షా ఎక్కిత్తాను."

"నీ మనసు నాకు తెలుసు నూకాలూ. కానీ ఆయనకి ఒక్క మాట చెప్పేస్తే..."

"మీరేటీ సెప్పకండి. ఒంటికే తెలవాల."

ఆయన ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "నువ్వు చేయిస్తున్న ఈ చోన్‌జీ అంటే ఏమిటమ్మా?"

నూకాలు ముందు పైకి, తర్వాత కాళ్ళ కింది ఇసుక వైపు వేలు చూపించింది.

"చోన్ అంటే ఆకాశం, జీ అంటే నేల బాబూ. అన్నీ ఆ రెండిట్లోంచే పుట్టేయంట. అందుకే కొత్తగా సేరినోళ్ళకి ముందు ఈ అడుగుల వరసే నేర్పుతారు. దీన్లో ముందు కొట్టడం ఉండదు, ఎదుటోడి దెబ్బ ఆపడం ఉంటాది. ఆపినాకే గుద్దు. నాలుగు దిక్కులూ తిరిగొచ్చి, మొదలెట్టిన సోటికే సేరాల."

ఆయన మళ్ళీ మొదలుపెట్టాడు. చెయ్యి దించి ఆపాడు, అడుగు వేసి గుద్దాడు. వెనక్కి తిరగబోతే కాళ్ళు మెలికపడ్డాయి. ఇసుకలో బోర్లా పడ్డాడు.

కనకరత్నం పరుగెత్తింది.

"ముట్టుకోకండమ్మా! ఆయనే లేత్తారు."

ఆయన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. గడ్డానికంటిన ఇసుక తుడుచుకున్నాడు. "నా వల్ల కాదమ్మా. నన్నొదిలెయ్."

"లెగండి."

ఆయన నిలబడ్డాడో లేదో, చెప్పా పెట్టకుండా నూకాలు కాలు ఆయన పొట్ట మీదికి లేచింది. ఉత్తుత్తి తన్ను కాదు. కనకరత్నం కెవ్వుమంది.

టప్పున చప్పుడైంది. ఆయన ఎడమ ముంజేయి మెరుపులా కిందికి దిగి ఆ కాలిని పక్కకు నెట్టేసింది.

ఆయన తన చేతి వైపే వింతగా చూసుకున్నాడు. "ఇది... ఎలా..."

"ఆలోసించకండి! తిరగండి!"

తిరిగాడు. ఆపాడు. గుద్దాడు. మళ్ళీ తిరిగాడు. ఇప్పుడు ఆయన కాళ్ళు ఎవరినీ అడగడం లేదు. కనకరత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చివరి అడుగులు వెనక్కి వేసి ఆయన ఆగేసరికి, బయలుదేరినప్పటి పాదాల గుర్తుల్లోనే నిలబడి ఉన్నాడు.

నూకాలు చెంపలు తడిశాయి. ఆయన రొప్పుతూనే నవ్వాడు, ఇన్నాళ్ళలో మొదటిసారి.

"ఎంత మొండిదానివమ్మా! ఇంతకీ నీకు ఇది ఎవరు నేర్పారు?"

ఆమె కాళ్ళు దగ్గరకు చేర్చి, ఆయన ముందు నడుము వంచి నమస్కరించింది.

"మీరే, మాస్టారూ."