గట్టు మీద గారించా

సత్తిరాజు నన్ను ముంచాడు. కైకలూరు బజారులో నిలబడి ఎవరడిగినా ఈ మాటే చెప్తాను.

నాకున్నది ఒక్కటే చెరువు, ఎకరం యాభై సెంట్లు. పక్కనే అతనిది పదెకరాలు. మధ్యలో ఉమ్మడి గట్టు. మూడేళ్లుగా నాకు చేప తగ్గుతోంది. అదే చేపపిల్ల, అదే మేత. పట్టుబడి మాత్రం ఏటికేడు తక్కువ. పక్కవాడు తప్ప ఇంకెవడు తీస్తాడు?

మొహానే అడుగుదామంటే మాటకి ముందొక అండీ, వెనకొక అండీ. ఏటా వేసవిలో చెరువులు ఎండగట్టగానే మట్టి తవ్వే ప్రొక్లైన్ తెప్పించి గట్టు తనే బాగుచేయించేవాడు. నా వంతు అద్దె ఇస్తానన్నా పుచ్చుకునేవాడు కాదు. ఊరికే ఎవడైనా చేస్తాడా? అక్కడే నాకు అనుమానం.

మిషను పనిచేస్తున్నంతసేపూ నా పక్కనే కూర్చుని ఫుట్‌బాల్ కబుర్లు. కుర్రతనంలో ఏలూరు కాలేజీ టీములో ఆడాడంట. అతని దేవుడు బ్రెజిల్ ఆటగాడు గారించా.

మొదటి వేసవి, గారించా చిన్నతనం. "రెండు కాళ్లూ వంకరేనండీ. ఒకటి పొట్టి కూడానండీ. బట్టల మిల్లులో పనిచేసుకునేవాడండీ."

నేను వింటూ అతని స్కూటరుకున్న సంచి చూస్తున్నాను. అతను లేచి అటెళ్లగానే విప్పాను. వల లేదు. మజ్జిగ సీసా ఉంది.

రెండో వేసవి, ప్రపంచ కప్పులు. "అరవై రెండులో పీలేకి దెబ్బ తగిలిందండీ. ఈయనే జట్టుని భుజానేసుకుని గెలిపించాడండీ."

ఆ ఏడు గట్టు పొడుగునా సన్న నైలాను దారం కట్టాను, ఎవడు దాటినా తెగేలా. పట్టుబడి దాకా దారం దారంలాగే ఉంది. చేప తగ్గింది. దొంగ మామూలోడు కాదని అప్పుడే తెలిసింది.

మా ఆవిడ కనకమ్మ ఒప్పుకోదు. "తన వైపు చెక్కించి మరీ మట్టంతా మన వైపు పోయిస్తున్నాడు మహానుభావుడు. అలాంటాయన్ని దొంగంటారేంటండీ?"

"నీకేం తెలుసే, ఊరుకో."

మూడో వేసవి, గారించా చావు. తాగుడు మరిగి నలభై తొమ్మిదేళ్లకే పోయాడంట. చెప్తూ సత్తిరాజు కళ్లు తుడుచుకున్నాడు. నాకూ ఏదోలా అయ్యింది.

"ఇంతకీ ఆ వంకర కాళ్లోణ్ణి ఒక్కడూ ఆపలేకపోయాడా?" అన్నాను.

"ఎప్పుడూ కుడివైపుకే పోయేవాడండీ. అది అందరికీ తెలుసండీ. అయినా అందరూ ఆ కాళ్లే చూస్తూ నిలబడేవారండీ. బంతిని చూసేవాడు లేడండీ."

నవ్వాడు. నేను అతని సంచి చూస్తున్నాను.

ఆ ఏడూ చేప తగ్గింది. ఇక ఓపిక పట్టలేక పెద్దల్లో పెట్టాను. రుజువేదన్నారు. సత్తిరాజు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నా ఇల్లంతా వెతుక్కోండి బంగార్రాజు గారూ. మీ చెరువు చేపది ఒక్క పొలుసు దొరికినా నా పదెకరాలూ రాసిచ్చేస్తానండీ."

అందరూ నవ్వారు. తల వంచుకుని ఇంటికొచ్చాను.

పోయిన వారం రీసర్వేకి వచ్చిన సర్వేయరు పాత పటం పట్టుకుని గట్టు మీద నిలబడి, రెండుసార్లు కొలిపించి నా మొహం కేసి చూశాడు.

నా చేప ఒక్కటీ ఎవడూ తీయలేదు, నా వైపు మట్టి పడ్డకొద్దీ గట్టే నా మీదకి జరిగొచ్చింది, నా ఎకరం యాభైలో పద్నాలుగు సెంట్లు ఇప్పుడు సత్తిరాజు నీళ్ల కింద ఉన్నాయి.